ఆరు వేల ఏళ్ల భూమికి ఒక మ్యూజియం: కెంటకీ వివాదం వెనుక చరిత్ర

అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, బూన్ కౌంటీలో పీటర్స్‌బర్గ్ అనే చిన్న ఊరి దగ్గర 2007 మే 28న ‘క్రియేషన్ మ్యూజియం’ ప్రారంభమైంది. సుమారు 2.7 కోట్ల డాలర్ల ఖర్చుతో దాన్ని కట్టించింది ‘ఆన్సర్స్ ఇన్ జెనెసిస్’ అనే క్రైస్తవ ప్రచార సంస్థ. భూమి వయసు దాదాపు 6,000 ఏళ్లేననీ, ఆదికాండములో ఉన్న ఆరు రోజుల సృష్టి, ఏదెను తోట, నోవహు జలప్రళయం అక్షరాలా జరిగిన చరిత్ర అనీ అక్కడి ప్రదర్శనలు చెబుతాయి. ప్రవేశ మందిరంలోనే, యంత్రాల సాయంతో కదిలే చిన్న డైనోసార్ల పక్కన పిల్లలు ఆడుకుంటున్న బొమ్మలు కనిపిస్తాయి. ప్రదర్శనలకు రూపకల్పన చేసిన ప్యాట్రిక్ మార్ష్ అంతకుముందు ఫ్లోరిడాలోని యూనివర్సల్ స్టూడియోస్‌లో వినోద ప్రదర్శనలు తయారుచేసిన మనిషి కాబట్టి, హంగుల్లో లోటేమీ లేదని విమర్శకులు కూడా ఒప్పుకున్నారు.

లోపలికి వెళ్లిన కొద్దిసేపటికే ఒక దృశ్యం ఎదురవుతుంది. ఇద్దరు పురాజీవ శాస్త్రజ్ఞులు ఒకే డైనోసార్ అస్థిపంజరాన్ని తవ్వుతుంటారు. అది కోట్ల ఏళ్ల నాటిదని ఒకరు భావిస్తే, కొన్ని వేల ఏళ్ల క్రితం జలప్రళయంలో మునిగి చచ్చిందని రెండోవారు అంటారు. ఎముకలు ఇద్దరికీ ఒకటే, మొదలుపెట్టిన చోటే వేరు, ఒకరిది మానవ బుద్ధి, మరొకరిది దేవుని వాక్యం అన్నది ఆ దృశ్యం సారాంశం. మ్యూజియంలో మిగిలిన వాదనలన్నీ ఈ ఒక్క మాట మీద ఆధారపడి ఉన్నాయి. శాస్త్రజ్ఞుల అభ్యంతరం కూడా ప్రధానంగా దీని మీదే, ఎందుకంటే జలప్రళయం నుంచే మొదలుపెట్టి రాళ్లను చదివిన శాస్త్రజ్ఞులు చరిత్రలో నిజంగానే ఉన్నారు. వాళ్లకు ఏమైందన్నది మాత్రం ఆ దృశ్యంలో కనిపించదు.

6,000 ఏళ్ల లెక్కకు బాగా పేరు తెచ్చినవాడు ఐర్లండ్‌లోని ఆర్మా ఆర్చిబిషప్ జేమ్స్ అషర్. బైబిలులోని వంశావళులను, ప్రాచీన రాజ్యాల చరిత్రలతో పోల్చి చూసి, సృష్టి క్రీ.పూ. 4004 అక్టోబరులో జరిగిందని 1650లో ప్రకటించాడు. ఆనాటికి అది పండితులు మెచ్చదగిన కృషే తప్ప ఎగతాళి చేయవలసింది కాదు. (పూజకు కూర్చున్న ప్రతిసారీ సంకల్పంలో శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం అంటూ కోట్ల ఏళ్ల కాలాన్ని తలుచుకునే మనవాళ్లకు 6,000 అన్న అంకె మరీ చిన్నదిగా తోచవచ్చు. అయితే కల్పాల లెక్క కూడా రాళ్లను చూసి కట్టింది కాదు.) ఆ తర్వాత దాదాపు రెండు శతాబ్దాల పాటు యూరపులో భూమిని పరిశీలించినవారిలో చాలామంది భక్తులైన క్రైస్తవులే. ఆక్స్‌ఫర్డ్‌లో విలియం బక్‌లాండ్, కేంబ్రిడ్జిలో ఆడమ్ సెడ్జ్‌విక్ ఇద్దరూ ఆంగ్లికన్ చర్చిలో దీక్ష పొందిన గురువులు. కొండల మీదా లోయల్లోనూ పరుచుకుని ఉన్న గులకరాళ్ల మేటలు ప్రపంచమంతటినీ ముంచిన ఒకే జలప్రళయం మిగిల్చినవని ఇద్దరూ మొదట నమ్మారు. వెతుకుతూ పోయేసరికి ఆ మేటలు వేర్వేరు కాలాలవని తేలింది. 1831లో లండన్ జియలాజికల్ సొసైటీ అధ్యక్ష స్థానం నుంచి మాట్లాడుతూ సెడ్జ్‌విక్ తన పాత అభిప్రాయాన్ని బహిరంగంగా వెనక్కి తీసుకున్నాడు. బక్‌లాండ్ కూడా కొన్నేళ్లకు అదే దారి పట్టాడు. డార్విన్ తన సిద్ధాంతాన్ని ప్రకటించింది 1859లో. అంటే భూమి ప్రాచీనతను ఒప్పించింది డార్విన్ కాదు. పైగా సెడ్జ్‌విక్ డార్విన్ సిద్ధాంతాన్ని గట్టిగా వ్యతిరేకించాడు, అయినా 6,000 ఏళ్ల లెక్కకు తిరిగి వెళ్లలేదు.

ఈ చరిత్రలో బూన్ కౌంటీకి కూడా చోటుంది. అక్కడి బిగ్ బోన్ లిక్ అనే ఉప్పు ఊటల చిత్తడి నేలలో మాస్టొడాన్, మామత్ వంటి ఏనుగు జాతి జంతువుల ఎముకలు 18వ శతాబ్దం నుంచే బయటపడుతూ వచ్చాయి. 1739లో ఫ్రెంచి సైనికులు సేకరించిన ఎముకలు పారిస్ చేరాయి. భూమి మీద ఒకప్పుడు బతికిన జాతులు పూర్తిగా అంతరించిపోయాయని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జార్జ్ క్యూవియే 1796 నుంచి నిరూపించడానికి ఆధారమైనవాటిలో అవీ ఉన్నాయి. 1807లో అధ్యక్షుడు జెఫర్సన్ మరిన్ని ఎముకల కోసం అన్వేషకుడు విలియం క్లార్క్‌ను అక్కడికే పంపాడు. 1990లలో ఆన్సర్స్ ఇన్ జెనెసిస్ తన మ్యూజియం కోసం మొదట ప్రయత్నించిన స్థలం కూడా ఈ బిగ్ బోన్ లిక్ పార్కు దగ్గరిదే. స్థానికుల వ్యతిరేకతతో అది కుదరక, అదే కౌంటీలోని పీటర్స్‌బర్గ్‌కు మారవలసి వచ్చింది.

ఇంతకూ 19వ శతాబ్దంలోనే పండితులు వదిలేసిన జలప్రళయ భూగర్భశాస్త్రం 20వ శతాబ్దంలో మళ్లీ ఎలా పుంజుకుంది? పరిణామ సిద్ధాంతాన్ని వ్యతిరేకించిన అమెరికన్ క్రైస్తవులందరూ భూమి వయసు 6,000 ఏళ్లే అని పట్టుబట్టలేదు. 1925లో టెన్నెసీ రాష్ట్రం డేటన్‌లో, బడిలో పరిణామ సిద్ధాంతం బోధించాడన్న నేరంపై జాన్ స్కోప్స్ అనే ఉపాధ్యాయుడి మీద జరిగిన విచారణ ప్రపంచమంతా మారుమోగింది. అందులో బైబిలు పక్షాన నిలిచిన విలియం జెన్నింగ్స్ బ్రయన్ సైతం, స్కోప్స్ తరపు న్యాయవాది క్లారెన్స్ డారో ప్రశ్నలకు జవాబిస్తూ, సృష్టి జరిగిన ‘రోజులు’ 24 గంటల రోజులే కానక్కరలేదనీ, సుదీర్ఘ కాలాలు కావచ్చనీ ఒప్పుకున్నాడు. అప్పట్లో భూమి పొరలన్నీ ఒక్క జలప్రళయంలోనే ఏర్పడ్డాయని రాస్తున్నవాడు జార్జ్ మెక్‌రెడీ ప్రైస్. సెవెంత్ డే అడ్వెంటిస్ట్ శాఖకు చెందిన ఈయన భూగర్భశాస్త్రంలో పట్టభద్రుడు కాడు, సొంతంగా చదువుకున్నవాడు. ప్రైస్ వాదనలకు కొత్త తొడుగు వేసి 1961లో వేదాంతి జాన్ విట్‌కాంబ్, నీటి ప్రవాహాల ఇంజనీరు హెన్రీ మోరిస్ కలిసి ఒక గ్రంథం తెచ్చారు. ఆ రోజుల్లోనే సోవియట్ స్పుత్నిక్ ప్రయోగంతో ఉలిక్కిపడిన అమెరికా ప్రభుత్వం కొత్త జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలకు డబ్బు పోయడం, వాటిలో పరిణామ సిద్ధాంతం ప్రముఖంగా చోటు చేసుకోవడం జరిగాయి. ఆ పుస్తకాలు చూసి కలవరపడిన సంప్రదాయ క్రైస్తవులకు మోరిస్ పుస్తకం సమయానికి అందివచ్చింది.

తరువాతి ఘట్టం కోర్టుల్లో నడిచింది. పరిణామ బోధనను నిషేధించే చట్టం చెల్లదని 1968లో అర్కన్సా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నిషేధం పోయాక ‘సమాన అవకాశం’ అన్న కోరిక ముందుకొచ్చింది. సృష్టివాదానికే ‘సృష్టి విజ్ఞానం’ అని పేరు పెట్టి, పరిణామంతో సమానంగా బోధించాలని అర్కన్సా, లూసియానా రాష్ట్రాలు చట్టాలు చేశాయి. అర్కన్సా చట్టాన్ని 1982 జనవరిలో జిల్లా న్యాయమూర్తి విలియం ఓవర్టన్ కొట్టివేశారు. పరీక్షకు నిలవాలి, తప్పని తేలే అవకాశం ఉండాలి, నిర్ణయాలు కొత్త ఆధారాలను బట్టి మారగలగాలి అని విజ్ఞాన లక్షణాలను తీర్పులో వివరించి, సృష్టి విజ్ఞానానికి అవేవీ లేవన్నారు. లూసియానా చట్టాన్ని 1987లో సుప్రీంకోర్టు 7-2 తేడాతో రద్దు చేసింది. ప్రభుత్వ బడి తలుపు దాంతో మూసుకుంది.

సరిగ్గా అదే సంవత్సరం ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నుంచి కెన్ హామ్ అనే మాజీ సైన్సు ఉపాధ్యాయుడు అమెరికా వచ్చి, కాలిఫోర్నియాలో మోరిస్ స్థాపించిన ‘ఇన్‌స్టిట్యూట్ ఫర్ క్రియేషన్ రీసెర్చ్’లో చేరాడు. 1994లో దాన్నుంచి విడిపోయి కెంటకీలో సొంత సంస్థ పెట్టుకున్నాడు, అదే ‘ఆన్సర్స్ ఇన్ జెనెసిస్’. కోర్టుల జోలికి పోకుండా నేరుగా కుటుంబాల దగ్గరికి, ముఖ్యంగా పిల్లల దగ్గరికి వెళ్లడం హామ్ ఎంచుకున్న పద్ధతి. ప్రైవేటు విరాళాలతో నడిచే మ్యూజియంలో ఏం చెప్పాలో ఏ న్యాయమూర్తీ శాసించలేడు. అందుకే అక్కడ మనకు కనిపించేది తరగతి గదిలో చోటు దొరకని వాదన, మ్యూజియం వేషంలో.

తెరిచిన రోజునే బయట నిరసన జరిగింది. కెంటకీ, ఒహాయో, ఇండియానా రాష్ట్రాల శాస్త్రజ్ఞులు 800 మందికి పైగా, ఈ ప్రదర్శనలను విజ్ఞానంగా నమ్మిన పిల్లలు కళాశాల సైన్సులో నెగ్గుకురావడం కష్టమని ఒక ప్రకటనపై సంతకాలు చేశారు. అయినా మొదటి ఏడాదే సందర్శకులు 4 లక్షలు దాటారు. 2009 జూన్‌లో మ్యూజియానికి దగ్గర్లోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో జరిగిన సమావేశానికి వచ్చిన పురాజీవ శాస్త్రజ్ఞుల్లో సుమారు 70 మంది పనిగట్టుకుని మ్యూజియం చూసి వెళ్లారు. కొందరు నవ్వుకున్నారు, మరికొందరు పిల్లలను చూసి బాధపడ్డారు.

వాళ్లు సమావేశానికి సిన్సినాటి రావడం కూడా కాకతాళీయం కాదు. ఆ ప్రాంతపు నేల కింద ఉన్నది దాదాపు 45 కోట్ల ఏళ్ల నాటి ఆర్డోవిషియన్ యుగపు సున్నపురాయి, బురదరాయి పొరలు. ప్రపంచంలో శిలాజాలు అత్యంత సమృద్ధిగా దొరికే చోట్లలో అదొకటి. రోడ్డు కోసం కొండను కోసిన చోట నిలబడితే చాలు, ట్రైలోబైట్లు అనే అంతరించిపోయిన సముద్ర జీవుల శిలాజాలు, గుల్లలు చేతికి దొరుకుతాయి. ఆ పొరల్లో కొన్నింటిని నిశితంగా చూస్తే, సముద్రపు అడుగు గట్టిపడి రాయిగా మారడం, ఆ రాతిని తొలిచి కొన్ని జీవులు బొరియలు చేసుకోవడం, పైభాగాన మరికొన్ని అతుక్కుని పెరగడం, ఆ తర్వాత మళ్లీ బురద కప్పేయడం తెలుస్తుంది. ఇలాంటి ఉపరితలాలు ఒకదానిపై ఒకటి పలుమార్లు వస్తాయి. ఏడాది పాటు ఉరవళ్లెత్తిన జలప్రళయంలో రాయి గట్టిపడే విరామమూ, దాని మీద జీవులు తరాల తరబడి పెరిగే వ్యవధీ ఎక్కడివి?

గ్రాండ్ కేన్యన్ విషయంలోనూ చిక్కు ఇటువంటిదే. 1980లో సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం పేలాక అక్కడి మేటలను బురద ప్రవాహాలు కొద్దికాలంలోనే కోసి లోయలు చేశాయి కాబట్టి, గ్రాండ్ కేన్యన్ కూడా అలాగే త్వరగా ఏర్పడి ఉండవచ్చన్నది సృష్టివాదుల పోలిక. వదులుగా ఉన్న బూడిద వేరు, గట్టి సున్నపురాయి వేరు అన్నది భూగర్భ శాస్త్రజ్ఞుల జవాబు. ఆ కేన్యన్ గోడల పైభాగాన, గాలికి పేరుకున్న ఎడారి ఇసుక దిబ్బలు రాయిగా మారిన కోకోనీనో పొర ఉంది. దాని మీద నాలుగు కాళ్ల జంతువులు నడిచి వెళ్లిన అడుగుజాడలు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. కిందా పైనా పొరలు పరిచింది ఒకే జలప్రళయమైతే, నడుమ ఎడారికి తావు లేదు.

ఇథియోపియాలో 1974లో దొరికిన, 32 లక్షల ఏళ్ల నాటి, మనుషుల పూర్వీకులకు దగ్గరి జాతికి చెందిన ‘లూసీ’ని మ్యూజియం చేతి వేళ్ల కణుపులు నేలకు ఆనించి నడిచే కోతి రూపంలో నిలబెట్టింది. లూసీ కటి ఎముక, మోకాలు రెండు కాళ్ల మీద నిటారుగా నడిచే ప్రాణివని శరీర నిర్మాణ నిపుణులు చెబుతున్నా ఆ రూపం వాళ్ల మాటను లెక్కచేయలేదు. 2014లో ‘ఎబెనేజర్’ అనే అల్లోసారస్ జాతి డైనోసార్ అస్థిపంజరాన్ని ప్రదర్శనకు పెట్టినప్పుడు, అది నోవహు కాలపు ప్రళయంలో చచ్చిందని పరిశోధనకు ముందే ప్రకటించేశారు. మన యామన్‌పల్లి దగ్గర గోదావరి లోయలో దొరికి, నేడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉన్న కోటాసారస్ అనే డైనోసార్ అందుకు భిన్నమైన దారిలో వచ్చింది. 1970ల చివర దొరికిన వందలాది ఎముకలను ఏళ్ల తరబడి పరిశీలించి, 1988లో శాస్త్రీయ వర్ణన ప్రచురించిన తర్వాతే దానికి ఆ పేరు ఖాయమైంది.

2014 ఫిబ్రవరి 4న మ్యూజియంలోనే హామ్‌కూ, టెలివిజన్‌లో సైన్సు కార్యక్రమాలతో పేరుపొందిన బిల్ నై‌కీ మధ్య చర్చ జరిగింది. మీ అభిప్రాయం దేనివల్ల మారుతుందని అడిగితే, ఆధారం చూపితే చాలునని నై అన్నాడు. తన విశ్వాసాన్ని ఏదీ మార్చలేదని హామ్ చెప్పాడు. వేదికెక్కడమే వాళ్లకు గౌరవం కట్టబెట్టడమని నైను ముందే తప్పుపట్టిన శాస్త్రజ్ఞుల మాట నిజమైందనే అనాలి. ఆ నెలాఖరులోనే, తమ సంస్థ కట్టదలచిన నోవహు ఓడ నిర్మాణానికి కావలసిన బాండ్ల సొమ్ము సమకూరిందనీ, చర్చకు వచ్చిన ప్రచారం తోడ్పడిందనీ హామ్ ప్రకటించాడు.

510 అడుగుల పొడవైన ఆ ఓడ, ‘ఆర్క్ ఎన్‌కౌంటర్’, 2016 జూలైలో విలియమ్స్‌టౌన్‌లో తెరుచుకుంది. పర్యాటక ప్రాజెక్టులకు ఇచ్చే అమ్మకపు పన్ను రాయితీని రాష్ట్ర ప్రభుత్వం నిరాకరిస్తే సంస్థ కోర్టుకెక్కి 2016 జనవరిలో గెలిచింది. ఓడలో జాతులన్నీ పట్టవు కాబట్టి సుమారు 1,400 ‘రకాలు’ మాత్రమే ఎక్కాయని, మిగతావన్నీ వాటి నుంచి తర్వాత చీలాయని అక్కడి వివరణ. అంటే సింహం, పులి, పెంపుడు పిల్లి అన్నీ ఒకే జంట నుంచి నాలుగు వేల ఏళ్ల పైచిలుకులో పుట్టుకొచ్చాయన్నమాట. ఏ పరిణామవాదీ ఊహించనంత వేగవంతమైన పరిణామం ఇది.

రేడియోధార్మిక పద్ధతిలో రాళ్ల వయసు కట్టడాన్ని మ్యూజియం నమ్మదగనిదంటుంది. దీన్ని పరీక్షించేందుకు ఇన్‌స్టిట్యూట్ ఫర్ క్రియేషన్ రీసెర్చ్, క్రియేషన్ రీసెర్చ్ సొసైటీ అనే సృష్టివాద సంస్థలు కలిసి 1997లో పరిశోధన మొదలుపెట్టి 2005లో ముగించాయి. నేటి వేగంతో లెక్కిస్తే 50 కోట్ల ఏళ్లకు పైగా పట్టే రేడియోధార్మిక క్షయం (కొన్ని మూలకాల పరమాణువులు వాటంతటవే విచ్ఛిన్నమై వేరే మూలకాలుగా మారడం) రాళ్లలో నిజంగానే జరిగిందని సృష్టివాద పరిశోధకులే అంగీకరించారు. కాలాన్ని 6,000 ఏళ్లకు కుదించడానికి, సృష్టి వారంలోనూ జలప్రళయ కాలంలోనూ ఆ క్షయం అనేక రెట్లు వేగంగా సాగిందని ప్రతిపాదించారు. అంత క్షయం అంత కొద్ది కాలంలో జరిగితే పుట్టే వేడికి భూమి పైపొర కరిగిపోవాలి. ఆ వేడి ఏమైందన్నది పరిష్కారం కాని సమస్యేనని వాళ్లే రాసుకున్నారు. ఆ నివేదిక వెలువడిన రెండేళ్లకు పీటర్స్‌బర్గ్‌లో మ్యూజియం తెరుచుకుంది.