వాగు పొంగకముందే టీకా దారి

2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. జంపన్నవాగు పొంగి కొండాయి ఊరు మునిగింది. ఆ వారం టీకా వేయించాల్సిన పసిపిల్లలు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఉండే ఉంటారు. వరంగల్ నుంచి ఏటూరునాగారం దారి పట్టినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు. ఇలాంటి రోజుల్లో టీకా ఎలా చేరాలో ముందే కంప్యూటర్‌లో నడిపి చూసుకోవచ్చు, దాన్నే సిమ్యులేషన్ అంటారు.

టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి. వేడి తగిలితే పాడవుతుంది. అయిదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ లాంటి టీకాలు గడ్డకట్టినా పనికిరావు. అందుకే ఐస్ ప్యాక్‌ను ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా ఆగి, అప్పుడే టీకాలు మోసుకెళ్లే పెట్టెలో సర్దుతారు.

ఏడాది పుట్టుకలను పన్నెండుతో భాగించి నెలకు ఇన్ని సీసాలని లెక్క వేయొచ్చు. పిల్లలు మాత్రం భాగహారం ప్రకారం రారు. బీసీజీ సీసాలో 10 డోసులుంటాయి, కలిపాక 4 గంటల్లో వాడేయాలి. ఇద్దరే వస్తే ఎనిమిది డోసులు పారబోయాల్సిందే. వృథా అవుతుందని సీసా తెరవకపోతే, కూలి మానుకుని వచ్చిన తల్లి ఊరికే తిరిగి వెళ్తుంది. నా దృష్టిలో ఇదే పెద్ద నష్టం. ఇది ఏ స్టాక్ రిజిస్టర్‌లోనూ కనిపించదు.

సిమ్యులేషన్ సరిగ్గా ఈ ఎగుడుదిగుళ్లనే పట్టుకుంటుంది. పీహెచ్‌సీ, ఫ్రిజ్, వ్యాన్, రోడ్డు అన్నింటినీ కంప్యూటర్‌లో కడతారు. ఏ రోజు ఎందరు పిల్లలొస్తారో పాచికలు వేసినట్టు ప్రోగ్రామే తేలుస్తుంది. వ్యాన్ బయలుదేరింది, కరెంటు పోయింది, సీసా తెరిచారు... గడియారం ఒక ఘటన నుంచి ఇంకో ఘటనకు దూకుతూ ఏడాదిని క్షణాల్లో నడిపిస్తుంది. మళ్లీ నడిపిస్తే ఇంకో రకం ఏడాది. అలా వెయ్యి ఏళ్లు నడిపి, ఎన్నిసార్లు టీకా అందలేదో లెక్కపెట్టొచ్చు. జులైలో వాగు మీది కాజ్‌వేను (ఎత్తు తక్కువ వంతెనను) ప్రోగ్రాంలో అయిదు రోజులు మూసి చూడొచ్చు, జూన్‌లోనే స్టాక్ పంపి చూడొచ్చు. కొత్త ఫ్రిజ్ కొన్నా లాభం లేదని, అసలు అడ్డంకి వ్యాన్ దగ్గరే ఉందని తేలొచ్చు.

ఆఫ్రికాలోని బెనిన్ దేశానికి హెర్మిస్ అనే ప్రోగ్రాంతో ఇలాగే చేశారు. కింది స్థాయి స్టోర్లను కలిపేసి, ఒకే బండి చుట్టూ తిరిగి చాలా కేంద్రాలకు టీకాలు ఇచ్చేలా మారిస్తే ఖర్చు తగ్గుతుందని తేలింది.

మన దగ్గర స్టాకు, ఫ్రిజ్ ఉష్ణోగ్రతల వివరాలు ఈవిన్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా అందుతున్నాయి. ఎంత వానకు ఏ వాగు దాటలేమో, ఎన్ని రోజులకు నీళ్లు దిగుతాయో ఆ ఊరి ఆశా కార్యకర్తకు తెలుసు. ఆమె చెప్పే ఆ రోజుల లెక్కను కూడా ప్రోగ్రాంలో ఎక్కించాలి.