ట్రేడింగ్ లాభాలు: స్క్రీన్‌షాట్ ఒకటి, ఏడాది లెక్క ఇంకొకటి

ట్రేడింగ్ చేసేవాళ్లకు ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లు వేయడం నా పని. కాబట్టి వాళ్లు బయట చెప్పే లెక్కా, అసలు లెక్కా రెండూ నా కంట పడతాయి.

అపోహ: ట్రేడింగ్ గ్రూపులో లాభం స్క్రీన్‌షాట్ పెట్టాడంటే సంపాదించినట్టే.

వాస్తవం: అది ఒక్క రోజుది, ఒక్క అకౌంట్‌ది. పోయిన జూలైలో ఒకబ్బాయి నా ఎదురుగా కూర్చుని "ఒక్క ఎక్స్‌పైరీ రోజే 42,000 సార్" అని ఫోన్‌లో లాభం చూపే పచ్చ అంకె చూపించాడు (ఎక్స్‌పైరీ అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్ కాంట్రాక్టుల గడువు ముగిసే రోజు). సరే బాబూ, ఏడాది మొత్తానికి టాక్స్ పీ అండ్ ఎల్ (లాభనష్టాల పట్టిక) డౌన్‌లోడ్ చెయ్యి అన్నాను. ఎక్సెల్ షీట్ తెరిస్తే అడుగున 3,18,000 నష్టం, అందులో బ్రోకరేజీ, ఎస్‌టీటీ (లావాదేవీల మీద పన్ను), జీఎస్‌టీ లాంటి ఖర్చులే 70,000 దాటాయి. ఆ షీట్‌ని పైకీ కిందికీ జరుపుతూ చాలాసేపు కూర్చుని, "ఇంట్లో లాభాల్లో ఉన్నానని చెప్పాను సార్" అన్నాడు. అబద్ధాలాడే మనిషి కాదు. వచ్చిన రోజులు గుర్తున్నాయి, పోయిన రోజులు కూడి చూసుకోలేదు, అంతే.

అపోహ: నేనొక్కడినే పోగొట్టుకుంటున్నా.

వాస్తవం: స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన నివేదిక చూడండి. మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ట్రేడింగ్ చేసిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మందికి నష్టమే, సగటున దాదాపు 2 లక్షలు. ఖర్చులు పోను లక్ష దాటి మిగిలింది 1 శాతం మందికి. మరి గ్రూపుల్లో అందరూ లాభాల్లోనే ఎందుకు కనపడతారంటే, పోయినవాళ్లు ఆ రోజు మెసేజ్ పెట్టరు. కోర్సు అమ్మేవాళ్లనైతే మొహమాటపడకుండా అడగండి, ఏడాది పీ అండ్ ఎల్ చూపించమని.

అపోహ: షేరు అమ్మనంతవరకు నష్టం కాదు.

వాస్తవం: టాక్స్ లెక్కలో కాదు గానీ, మీకు నష్టమే. లక్ష కాస్తా 50,000కి పడిపోతే, మళ్లీ లక్ష కావడానికి 100 శాతం పెరగాలి.

అపోహ: నష్టమే కదా, రిటర్న్‌లో చూపించక్కర్లేదు.

వాస్తవం: దయచేసి ఈ పొరపాటు చేయకండి. ఎఫ్ అండ్ ఓ నష్టం వ్యాపార నష్టం కింద వస్తుంది, జీతంలోంచి తగ్గించుకోవడం కుదరదు గానీ, గడువులోపు ఐటీఆర్-3 (వ్యాపార ఆదాయం ఉన్నవాళ్ల రిటర్న్ ఫారం) వేస్తే 8 ఏళ్ల వరకు వ్యాపార లాభాల్లో తగ్గించుకోవచ్చు. షేర్లలో ఇంట్రాడే (అదే రోజు కొని అమ్మేయడం) నష్టమైతే 4 ఏళ్లే, అదీ ఆ తరహా లాభాల్లోనే. గడువు దాటిందా, ఆ అవకాశం పోయినట్టే.

ఆ అబ్బాయికి గడువులోపే వేశాం. తర్వాత వారం ఫోన్ చేసి ఆ ఎక్సెల్ షీట్ మళ్లీ పంపమన్నాడు, ఇంట్లో చూపించాలట.