సూదేసినాకే కాలు పడిపోయిందా? పోలియో: అపోహలు - వాస్తవాలు

టెక్కలి, పలాస వైపు పల్లెల్లో వైద్యం చేస్తున్న నాకు, ఒక కాలు సన్నబడి మోకాలి మీద చెయ్యి ఆన్చి నడిచే నడివయసువాళ్లు ఇప్పటికీ ఎదురవుతారు. పక్కన తల్లి ఉంటే చెప్పే మాట ఒకటే: "జొరమొస్తే సూదేయించినాను బాబూ. తెల్లారీసరికి కాలు పడిపోనాది."

అపోహ: కాలు తీసింది సూదే.

ఆ జ్వరమే పోలియో. సూది పడేటప్పటికే వైరస్ ఒంట్లో ఉంది. అయితే ఆ తల్లి గమనించింది వట్టి భ్రమ కాదు. వైరస్ ఒంట్లో ఉన్న రోజుల్లో కండకు సూది వేస్తే, ఆ కాలే పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. దెబ్బతిన్న కండ నుంచి నరం వెంట వైరస్ వెన్నుపాములోకి పాకుతుంది. బిడ్డ జ్వరం తగ్గాలని సూది వేయించిన తల్లి తప్పు ఇందులో ఏమీ లేదు. ఇన్నేళ్లూ మోసిన ఆ బరువు దించుకోమని ప్రతి తల్లికీ చెబుతుంటాను.

సూది నేరుగా పిరుదు నరానికి తగిలి కాలు పడిపోయినవాళ్లూ ఉన్నారు. అది వేరు, అందులో స్పర్శ కూడా తగ్గుతుంది. పోలియో వెన్నుపాములో కండలను కదిలించే కణాలనే చంపుతుంది. చీమ కుడితే తెలుస్తుంది, కాలు మాత్రం కదలదు.

అపోహ: పోలియో కాళ్ల జబ్బు.

ముందు అది పేగు జబ్బు. మలంతో కలిసిన నీటి ద్వారా, చేతుల ద్వారా నోట్లోకి వెళ్తుంది. సోకిన 200 మందిలో సుమారు ఒక్కరికే కాలో చెయ్యో పడిపోతుంది. మిగతావాళ్లలో చాలామందికి ఏమీ తెలియదు, కానీ వారాల తరబడి మలంలో వైరస్ వదులుతూనే ఉంటారు.

ఆ వైరస్ పరిమాణం 30 నానోమీటర్లు. 33 వేలు వరసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు. నాలుగు రకాల ప్రొటీన్లు, ఒక్కొక్కటి 60 చొప్పున, ఇరవై ముఖాల డొల్లగా అమరి ఉంటాయి. లోపల దాని జన్యు సమాచారాన్ని మోసే ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏ, సుమారు 7,500 రసాయన అక్షరాలు. అంతే. కరోనాకు ఉన్న కొవ్వు పొర దీనికి లేదు. అందుకే కడుపులోని ఆమ్లానికి చావదు, శానిటైజర్‌కూ ఒక పట్టాన లొంగదు. సబ్బుతో రుద్ది, నీళ్లతో కడిగేయాల్సిందే.

అపోహ: చుక్కలు వేయించాం, ఇక సూది ఎందుకు?

మన దేశంలో సహజ పోలియో వైరస్‌తో వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో, హౌరాలో. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో ఇంకా ఉంది కాబట్టి చుక్కలు ఆపలేం. కానీ 2016 ఏప్రిల్ నుంచి చుక్కల్లో, పోలియో వైరస్ మూడు రకాల్లో ఒకటో రకం, మూడో రకం మాత్రమే ఉన్నాయి. రెండో రకానికి కాపు సూదే. 6, 14 వారాలకు, 9 నెలలకు వేసే ఆ సూదిలో ఉండేది చచ్చిన వైరస్. పాత భయంతో బిడ్డను వెనక్కి లాక్కునే అమ్మమ్మలకు సిరంజి చేతిలో పెట్టి చూపిస్తాను: 0.1 మిల్లీలీటరు మందు, అదీ జబ్బ మీద చర్మంలోకే, కండలోకి కాదు.