ఆక్సీమీటర్‌లో 98.. లోపల రక్తస్రావం

బైక్ యాక్సిడెంట్ అయిన మనిషిని క్యాజువాలిటీకి తెస్తారు. వేలికి ఆక్సీమీటర్ తగిలిస్తారు. 98 కనబడగానే వెంట వచ్చినవాళ్లకు కాస్త టెన్షన్ తగ్గుతుంది. కొవిడ్ రోజుల్లో ఇంటింటా ఆ అంకెనే చూసుకుంటూ గడిపాం కాబట్టి దానిమీద మనకు అంత నమ్మకం. కానీ కడుపులో ప్లీహం చిట్లి రక్తం కారిపోతున్న మనిషిలోనూ అది 98 చూపించగలదు. ఎందుకలా? ఆ పరికరం పుట్టిందే వేరే అవసరం కోసం.

రెండో ప్రపంచ యుద్ధంలో బాగా ఎత్తుకు ఎగిరే పైలట్లు ఆక్సిజన్ చాలక, తమకేం అవుతోందో తెలియకుండానే స్పృహ తప్పేవారు. వాళ్ల కోసం అమెరికా శాస్త్రవేత్త గ్లెన్ మిల్లికన్ చెవికి తగిలించే మీటర్ తయారుచేశాడు. ‘ఆక్సీమీటర్’ అన్న పేరు పెట్టింది ఆయనే. ఆక్సిజన్ తగ్గి మనిషి నీలంగా మారితే కంటికి తెలియదా అనుకోవచ్చు. సాచురేషన్, అంటే రక్తం ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందో చెప్పే ఆ అంకె, 80 దాకా పడిపోయినా చాలామంది ఆ మార్పును కచ్చితంగా పట్టలేకపోతున్నారని 1947లో కామ్రో, బొటెల్హో అనే పరిశోధకులు పరీక్షించి చూపించారు.

ఇప్పుడు మన వేలికి పెట్టే రకం మాత్రం జపాన్‌ది. నిహోన్ కోడెన్ కంపెనీ ఇంజనీర్ టకువో అయొయాగి రక్తంలోకి రంగు ఎక్కించి, అది పలచబడే తీరును చెవి దగ్గర కాంతితో కొలుస్తుండేవాడు. గుండె ఎంత రక్తం పంపుతోందో లెక్కగట్టాలని ఆయన ప్రయత్నం. నాడి కొట్టుకున్నప్పుడల్లా గీత వణికి లెక్క చెడిపోయేది. ఆ వణుకును తీసేసే పనిలో ఉండగా అసలు విషయం తట్టింది: అలా కొట్టుకునేది ధమని రక్తమే. ఆ కదిలే భాగాన్ని రెండు రకాల కాంతితో పోల్చి చూస్తే ధమనిలో ఆక్సిజన్ శాతం తెలిసిపోతుంది. 1974లో దీన్ని ప్రకటించాడు. 1980లలో ఇది ఆపరేషన్ థియేటర్లకు చేరింది. మత్తులో ఉన్న రోగి రక్తానికి ఆక్సిజన్ అందుతోందా లేదా అన్నదే అక్కడి ప్రశ్న. దానికి ఈ పరికరం చక్కగా జవాబు చెబుతుంది.

గాయపడ్డ మనిషి విషయంలో ప్రశ్న వేరు. ఆర్టీసీ బస్సులో సీట్లన్నీ నిండాయని చెప్పే కండక్టర్‌కు డిపో నుంచి ఎన్ని బస్సులు బయల్దేరాయో తెలియదు. ఆక్సీమీటరూ అంతే. ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ ఎంత శాతం నిండిందో చెబుతుంది, రక్తంలో అది మొత్తం ఎంత ఉందో చెప్పదు. హిమోగ్లోబిన్ 15 గ్రాములుంటే ప్రతి 100 మి.లీ. రక్తం సుమారు 20 మి.లీ. ఆక్సిజన్ మోస్తుంది. 7.5కి పడితే మోసేది 10 మాత్రమే, అంకె మాత్రం 98 దగ్గరే ఉంటుంది. పైగా అప్పుడే తగిలిన దెబ్బయితే హిమోగ్లోబిన్ పరీక్ష కూడా మామూలుగానే రావచ్చు. ఎందుకంటే మొదట తగ్గేది రక్తం పరిమాణం, అది పలచబడటం ఆ తర్వాత.

గాయాల పరీక్షకు ఒక వరస ఏర్పడింది కూడా ఒక ప్రమాదం వల్లే. 1976 ఫిబ్రవరిలో ఎముకల డాక్టర్ జేమ్స్ స్టైనర్ నడుపుతున్న చిన్న విమానం నెబ్రాస్కాలో కూలింది. భార్య అక్కడికక్కడే చనిపోయింది. తనకూ పిల్లలకూ ఆస్పత్రిలో అందిన వైద్యం ఆయనను కలచివేసింది. రెండేళ్లకు తోటివారితో కలిసి శిక్షణ మొదలుపెట్టాడు: ముందు శ్వాసమార్గం, తర్వాత ఊపిరి, ఆ తర్వాత రక్తప్రసరణ. 1980లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ దాన్ని స్వీకరించింది. హైదరాబాద్‌లో 108 అంబులెన్స్ మొదలైంది 2005 ఆగస్టు 15న. ఇవాళ అంబులెన్సుల్లో ఆ వరసా, ఈ ఆక్సీమీటర్ క్లిప్పూ పక్కపక్కనే ఉంటాయి.

ఆ వరసలో ఆక్సీమీటర్ జవాబిచ్చేది ఊపిరి దగ్గర. రక్తప్రసరణకు వేరే గుర్తులు చూడాలి. పెద్దవాళ్లలో దాదాపు 30 శాతం రక్తం పోయేదాకా బీపీ నిలబడే ఉండొచ్చు. అంతకు ముందే నాడి వేగం పెరుగుతుంది, చర్మం చల్లబడి చెమట పడుతుంది. వేళ్లకు రక్తం తగ్గి క్లిప్పు అంకె చూపించడం మానేస్తే చాలామంది మిషన్ పాడైందని వేలు మారుస్తారు. నిజానికి అదే పెద్ద హెచ్చరిక కావచ్చు. అప్పుడు క్లిప్పు తీసి, అదే వేలి గోరును నొక్కి వదిలి చూడాలి. రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి.