ఏ కథ ముందు? ఈస్ట్, వెస్ట్ లెక్కల వెనక కథ

2025 ఏప్రిల్‌లో తూర్పుగోదావరి ఎగ్జిబిటర్లు, అంటే హాళ్లు నడిపేవాళ్లు, కూర్చుని ఒక మాట అనుకున్నారు. హాలుకి ఇంతని కట్టే అద్దె పద్ధతి ఇక మా వల్ల కాదు, వసూళ్లలో పర్సంటేజీ ఇవ్వండి అని. నెల తిరిగేసరికి అది రెండు తెలుగు రాష్ట్రాల గొడవైంది. జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తారన్నారు. అదే నెలలో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ సినిమా విడుదల ఉండటంతో రాజకీయమూ కలిసింది. చివరికి మూసివేత ఆగి, చర్చలు కమిటీకి చేరాయి.

టీవీలు దీన్ని థియేటర్ల గొడవగానే చూపించాయి. ఇందులో ఇంకో పాత తగాదా ఉంది. హైదరాబాద్‌లో ఒక నిర్మాణ సంస్థ బల్ల మీద అయిదు కథలుంటే, డబ్బు ఒకటి రెండింటికే ఉంటే, ఏది ముందు తీయాలి? చాలా కాలం ఈ ప్రశ్నకి జవాబు గోదావరి డెల్టా లాంటి చోట్ల నుంచి వచ్చేది. అది ఎలా వచ్చేదో, ఎప్పుడు ఆగిపోయిందో తెలిస్తే ఎగ్జిబిటర్ల కోపం కొంచెం అర్థమవుతుంది.

ముందు ఒక విషయం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. కోనసీమ, కాకినాడ వేరయ్యాయి, కొవ్వూరు, నిడదవోలు తూర్పుగోదావరిలోకి వెళ్లాయి. సినిమా వ్యాపారం మాత్రం ఆ జీవోని పట్టించుకోలేదు. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, గుంటూరు, కృష్ణా, నెల్లూరు మాదిరిగానే ‘ఈస్ట్’, ‘వెస్ట్’ ఇప్పటికీ రెండు ఏరియాలే. మామూలుగా ఈస్ట్ రేటు వెస్ట్ కంటే కాస్త ఎక్కువ. ఒక నది, రెండు గట్లు, సినిమా హక్కులు కొనే బయ్యర్లు ఇద్దరు.

అసలు ఇక్కడే సినిమాలు తీద్దామని ఒకప్పుడు ప్రయత్నించారు కూడా. కాకినాడ మనిషి సి.పుల్లయ్య మూకీల కాలంలోనే కెమెరా పట్టాడు. కానీ 1934లో ఆయన తీసిన టాకీ ‘లవకుశ’కి డబ్బూ స్టూడియో రెండూ కలకత్తాలో ఈస్టిండియా ఫిలిం కంపెనీవి. 1936లో రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య దుర్గా సినీటోన్ పెట్టి ‘సంపూర్ణ రామాయణం’ తీశారు. ఆంధ్రదేశంలో తొలి స్టూడియోగా దాన్నే చెప్పుకుంటారు. నిలవలేదు. ఒక స్టూడియో బతకాలంటే దాని ఫ్లోర్ ఏడాదంతా ఎవరో ఒకరికి కావాలి. నటులు, టెక్నీషియన్లు, లేబొరేటరీ అన్నీ మద్రాసులో ఉంటే గోదావరి గట్టుకి ఎవరొస్తారు? డెల్టా సినిమాలు తీసే చోటు కాకుండా, సినిమాలకి డబ్బు పెట్టే చోటూ చూసే చోటూ అయింది.

పోటీ ప్రాజెక్టుల సంగతి చూడాలంటే అదే 1936 చాలు. ద్రౌపది కథ మీద ఒకే ఏడాది రెండు సినిమాలు. ఒకదాంట్లో బళ్లారి రాఘవ దుర్యోధనుడు. నాటకరంగంలో అంత పెద్ద నటుడు అప్పట్లో లేడంటారు. రెండోదాంట్లో పద్యనాటకాల్లో జనం ఒన్స్‌మోర్లు కొట్టిన సీఎస్సార్, యడవల్లి సూర్యనారాయణ. రెండోదే ఆడింది. డెల్టా ఊళ్లలో రాత్రంతా పద్యాలు విన్నవాళ్లకి ఇందులో ఆశ్చర్యం ఉండదు. కథ ఒకటే, పేరున్నవాళ్లు రెండు వైపులా ఉన్నారు. తేడా అంతా టికెట్ కొనేవాడు దేని కోసం వస్తున్నాడన్న దగ్గరే.

ఆ కొనేవాడి చేతిలో డబ్బు ఎప్పుడుంటుంది? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకి కాలువ నీళ్లొచ్చాయి, తర్వాత్తర్వాత రెండు పంటలొచ్చాయి. సార్వా (మొదటి పంట) కోతలై ధాన్యం అమ్ముడయ్యేసరికి సంక్రాంతి. దాళ్వా (రెండో పంట) డబ్బులు చేతికొచ్చేసరికి వేసవి, కాలువలు కట్టేస్తారు, పొలంలో పని ఉండదు, పిల్లలకి సెలవులు. సినిమావాళ్లు ఇప్పుడు ‘సంక్రాంతి స్లాట్’, ‘సమ్మర్ స్లాట్’ అని ఏడాది ముందే కర్చీఫ్ వేసే తేదీల వెనక, మా వైపు వరకూ, ఈ వరి క్యాలెండరే ఉంది. పంట మిగులు రైస్‌మిల్లులోకి వెళ్లింది, కొంత థియేటర్ కట్టడానికి వెళ్లింది, కొంత సినిమా కొనడానికి వెళ్లింది.

కొనడమంటే తీశాక కొనడం కాదు, తీయకముందే. డిస్ట్రిబ్యూటర్ అడ్వాన్సు ఇస్తాడు, ఆ అడ్వాన్సుల మీద షూటింగ్ మొదలవుతుంది. ఏరియాల అడ్వాన్సులు కూడకపోతే ఆ కథ పక్కకి, ఇంకోటి ముందుకి. స్టూడియోలో ఎవరు ఎంత గొప్పగా కథ చెప్పినా విజయవాడ గాంధీనగర్ ఆఫీసుల్లో కూర్చున్నవాడు అడిగే ప్రశ్నలు మూడే: హీరో ఎవరు, పాటలెవరు, ఎప్పుడు ఇస్తారు. మోటుగా అనిపిస్తుంది గానీ, రిస్కు, ఆకర్షణ, డబ్బు తిరిగొచ్చే సమయం, మూడూ అందులో ఉన్నాయి.

ఆ బయ్యరుకి సమాచారం ఎక్కడిదంటే, మా పెద్దనాన్న లాంటివాళ్ల దగ్గర్నుంచి. ఆయన పాలకొల్లు వైపు ఒక హాల్లో మేనేజరు. సెకండ్ షో ఇంటర్వెల్ అయ్యాక ఆఫీసు గదిలో కూర్చునేవాడు, ఎదురుగా డిస్ట్రిబ్యూటర్ పంపిన రిప్రజెంటేటివ్. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ, క్లాసు వారీగా టికెట్ల నంబర్లు చూసి, కార్బన్ పేపర్ పెట్టి డీసీఆర్ రాసేవారు. డీసీఆర్ అంటే రోజువారీ కలెక్షన్ రిపోర్టు. నేను బల్ల పక్కన నిలబడి రద్దయిన టికెట్ ముక్కలు ఏరుకునేవాణ్ణి. ఒకసారి రిప్రజెంటేటివ్ బాల్కనీ ఫుల్లని సంతోషపడుతుంటే పెద్దనాన్న తలెత్తకుండానే అన్నాడు: “బాల్కనీ సంగతి వదిలెయ్యండి. నేల చూడండి, నిన్న మూడొందలు, ఇయ్యాళ నూట పది. సోమవారానికి దిగిపోద్దండి.” దిగిపోయింది. నేల క్లాసు పడిపోయిన సంగతి మర్నాడు పొద్దున్నే ఫోన్‌లో విజయవాడకి, అక్కణ్ణుంచి మద్రాసుకి చేరేది. ఆ హీరో తర్వాతి సినిమా అడ్వాన్సు మీద దాని ప్రభావం పడేది. ఇప్పటి డేటా అనలిటిక్స్ ఇంతకంటే వేగం కావచ్చు, ఇంత సూటిగా ఉంటుందా అంటే నాకు అనుమానమే.

ఈ పద్ధతి తప్పులూ చేసింది, పెద్దవే. కోనసీమలో కొత్తపేట మనిషి ఏడిద నాగేశ్వరరావు 1980లో ‘శంకరాభరణం’ విడుదల చేసేటప్పుడు బయ్యర్లు వెనకాడారు. మొదటి రెండు ప్రశ్నలకీ వాళ్లకి నచ్చే జవాబు లేదు మరి: హీరో స్థానంలో ఉన్నది డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన నడివయసు సోమయాజులు, పాటలు శాస్త్రీయ సంగీతం. తర్వాత ఏమైందో అందరికీ తెలుసు. అయితే దీన్ని పట్టుకుని ‘బయ్యర్లకేం తెలుసు’ అనేవాళ్లతో నేను ఏకీభవించను. అలాంటి ఒక్క సినిమా ఆడినందుకు గుర్తుంది. అదే ధైర్యంతో తీసి మునిగినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు.

ఇంకో దారి ఉంది, ఖర్చుని మార్కెట్ సైజుకి దించడం. నరసాపురం బాపు, ధవళేశ్వరం ముళ్లపూడి వెంకటరమణ 1967లో తొలి సినిమా ‘సాక్షి’ని సెట్ల జోలికి పోకుండా పులిదిండి ఊళ్లో, బ్లాక్ అండ్ వైట్‌లో తక్కువలో తీశారు. ఇలా తీస్తే ఏరియాకి అడగాల్సిన రేటు తగ్గుతుంది, రేటు తగ్గితే బయ్యరు భయం తగ్గుతుంది. 1984లో రామోజీరావు ఉషాకిరణ్ మూవీస్ మొదటి సినిమాతో వచ్చినప్పుడు ఈ లెక్క సంస్థ స్థాయికి ఎదిగింది. దర్శకుడు జంధ్యాల, ఆయనా నరసాపురమే. చిన్న బడ్జెట్, స్టార్ల మీద ఆధారపడని కథలు, పైగా సొంత పంపిణీ సంస్థ మయూరి. అడ్వాన్సు కోసం బయ్యరు మొహం చూడాల్సిన పని లేనప్పుడు కథల వరస మారిపోతుంది.

అక్కణ్ణుంచి ఇప్పటికి దూకుదాం. మధ్యలో శాటిలైట్ హక్కులు, హిందీ డబ్బింగ్, ఆ తర్వాత ఓటీటీ వచ్చాయి. అంకెలు నా ఊహే, లెక్క తీరు మాత్రం నిజమైనదే: ఒక సంస్థ ముందు 60 కోట్ల స్టార్ సినిమా, 8 కోట్ల గోదావరి కథ ఉన్నాయనుకుందాం. స్టార్ సినిమాకి ఓటీటీ, శాటిలైట్, డబ్బింగ్ కలిపి 35 కోట్లు షూటింగ్ మధ్యలోనే తేలిపోతాయి. థియేటర్ నుంచి 25 కోట్ల షేర్, అంటే పన్నులు, హాళ్ల వాటా పోగా మిగిలేది, వస్తే ఒడ్డున పడతాం. చిన్నదానికి నాన్ థియేట్రికల్ (థియేటర్ బయటి హక్కులు) 3 కోట్లని ఆశ, అది కూడా విడుదలై ఆడితేనే. 60లో 35 ముందే వచ్చేది సేఫ్‌గా కనిపిస్తుంది, 8లో మూడు కూడా ఖాయం కానిది రిస్కుగా కనిపిస్తుంది. కానీ పోతే ఎంత పోతుందో చూడండి. మొదటిదాంట్లో థియేటర్ల డబ్బు సగమే వస్తే నష్టం పన్నెండున్నర కోట్లు. రెండోది రూపాయి రాకుండా మొత్తం పోయినా 8 కోట్లే.

వడ్డీ సంగతి వేరే. ఫైనాన్స్ నూటికి నెలకి రెండు రూపాయలనుకుంటే పెద్ద సినిమాకి తెచ్చిన 30 కోట్ల అప్పు మీద నెలకి 60 లక్షలు. హీరో డేట్లు కుదరక ఆరు నెలలు ఆలస్యమైతే 3.6 కోట్లు, అంటే ఇందాకటి చిన్న సినిమాలో దాదాపు సగం, గాలికి.

గోదావరి కథకి ఇంకో చిక్కు, ఇక్కడివాళ్లకే తెలిసేది. పచ్చటి పొలాలు, నిండు కాలువలు కావాలంటే అవి ఏడాది పొడుగునా ఉండవు. ఏప్రిల్ తర్వాత కాలువల్లో నీళ్లుండవు, జులై, ఆగస్టుల్లో నది వరదతో ఎర్రగా ఉంటుంది. చేతికి చిక్కేది చలికాలం నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ హీరోకి కుదరకపోతే ‘రంగస్థలం’లా ఊరినే హైదరాబాద్‌లో సెట్ వేయాలి. అప్పుడది చిన్న సినిమాగా మిగలదు.

అయితే ఏది ముందన్నది సంస్థకి ఏం కావాలన్నదాన్ని బట్టి మారుతుంది. పాలకొల్లు అల్లు రామలింగయ్య కుటుంబానిదే గీతా ఆర్ట్స్. పెద్దవి ఆ బ్యానర్లో, చిన్నవి జీఏ2లో, 2020 నుంచి సొంత ఓటీటీ ఆహా. ఓటీటీ ఉన్నవాడికి ఏడాది పొడుగునా కంటెంట్ కావాలి, చిన్న కథకి అక్కడ చోటుంటుంది. థియేటర్లు లీజుకి తీసుకున్నవాడికి ఖాళీ వారాలు నింపే సినిమా కావాలి. ఒక పెద్ద హీరో తర్వాతి మూడేళ్ల డేట్లు కావాలనుకునేవాడు లాభం లేకపోయినా ఆ హీరో చెప్పిన ప్రాజెక్టునే ముందు పెడతాడు. బయట నుంచి చూస్తే పిచ్చి నిర్ణయంలా ఉంటుంది.

2025 సంక్రాంతికి ఇది బహిరంగంగానే జరిగింది. దిల్ రాజు బ్యానర్ నుంచి జనవరి 10న ‘గేమ్ ఛేంజర్’, 14న ‘సంక్రాంతికి వస్తున్నాం’. మొదటిది ఏళ్లు పట్టిన భారీ ఖర్చు. రెండోది నెలల్లో ముగించిన ఫ్యామిలీ సినిమా, కథలో హీరో కాపురం రాజమండ్రిలో. ఏది ఏమైందో డెల్టాలో కొత్త అల్లుళ్లని సినిమాకి తీసుకెళ్లిన ప్రతి మామగారికీ తెలుసు. రెండో సినిమా వసూళ్లు మొదటి సినిమా గాయానికి కట్టు కట్టాయి. రెండిట్లో ఒక్కదాన్నే ఎంచుకోవాల్సి వచ్చుంటే ఏది ఎంచుకునేవారో ఆలోచించండి.

ఇప్పుడు మళ్లీ ఎగ్జిబిటర్ల దగ్గరికి. 2021 ఏప్రిల్‌లో జీవో 35తో పంచాయతీ ప్రాంతాల్లో కనీస టికెట్ అయిదు రూపాయలైంది. 2022 మార్చిలో రేట్లు పెంచుతూ జీవో 13 వచ్చేదాకా చిన్న ఊళ్ల హాళ్లు చాలా నలిగాయి, కొన్ని మూతపడ్డాయి. ఓటీటీ రేట్లు బాగున్నంత కాలం నిర్మాతకి ఆ సంగతి అంతగా తగల్లేదు, డబ్బు వేరే చోట నుంచి వస్తోంది కదా. ఖర్చులు అదుపు తప్పాయని 2022 ఆగస్టు 1 నుంచి నిర్మాతలే షూటింగులు ఆపుకున్నారు. ఆ తర్వాత ఓటీటీలు చేయి బిగించాయి.

అద్దె విషయంలో ఎగ్జిబిటర్ల ఫిర్యాదు చెప్పుకోవడం తేలిక. జనం వచ్చే మొదటి వారం అద్దె, జనం తగ్గాక పర్సంటేజీ. పెరిగినప్పుడు పెరుగుదల మీది, తగ్గినప్పుడు తగ్గుదల మాది, అంటారు. నిర్మాతల వాదన కూడా లేకపోలేదు: చిన్న సినిమా అద్దె కూడా తేలక డెఫిసిట్ పడితే ఆ డబ్బు చేతినుంచి కట్టాల్సింది మేమే కదా అంటారు. మొదటి రోజు నుంచీ పర్సంటేజీ వస్తే చిన్న సినిమాకి ఆ భయం ఉండదు, పెద్ద సినిమా షేర్ తగ్గుతుంది. అంటే ఇందాకటి 60, 8 కోట్ల లెక్కలో అంకెలు కదులుతాయి. 25 కోట్ల షేర్ తెచ్చుకోవడం కష్టమవుతుంది, 8 కోట్లది కొంచెం తేలికవుతుంది.

మా పెద్దనాన్న పనిచేసిన హాలు ఇప్పుడు రెండు స్క్రీన్లు. నేల లేదు, బెంచి లేదు, రిప్రజెంటేటివ్ రావడం తగ్గింది, కలెక్షన్ ఆన్‌లైన్లోనే హైదరాబాద్ వెళ్తుంది. మొన్న సంక్రాంతికి వెళ్తే కొత్త మేనేజరు సిస్టమ్‌లో చూపించాడు: శనివారం ఫస్ట్ షో ఫుల్, సోమవారం మ్యాట్నీ పదిహేడు టికెట్లు. “ఇది అక్కడెవరైనా చూస్తారంటారా?” అని అడిగాను.

“వెళ్లడం అయితే వెళ్తుందండి,” అన్నాడు, ఏసీ స్విచ్ ఆపడానికి లేస్తూ.