బయోఇన్ఫర్మాటిక్స్ నేర్చుకునేవారికి: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చదివేవారి చేతికి చాలాసార్లు ముందుగా వచ్చేది 16ఎస్ సీక్వెన్స్, అంటే బ్యాక్టీరియాను గుర్తించడానికి చదివే ఒక జన్యువు అక్షరక్రమం. అందుకే మొదట దాని సంగతి.

అపోహ: బ్లాస్ట్ (మన సీక్వెన్స్‌ను డేటాబేస్‌తో పోల్చే సాధనం) జాబితాలో పైనున్న పేరే మన బ్యాక్టీరియా పేరు.

వాస్తవం: భోగాపురం, పూసపాటిరేగ వైపు రొయ్యల చెరువు నీటిలో దొరికిన విబ్రియో అనే బ్యాక్టీరియానే తీసుకోండి. దానిలో పారాహీమోలైటికస్, ఆల్జినోలైటికస్ అనే రెండు జాతుల 16ఎస్‌లు 99 శాతానికి పైగా ఒకటే. రెండింటికీ ఈ-వాల్యూ (ఇలాంటి పోలిక యాదృచ్ఛికంగా ఎన్నిసార్లు రావచ్చో చెప్పే సంఖ్య) 0.0 వస్తుంది. ఆ పోలిక కాకతాళీయం కాదని మాత్రమే దానర్థం. జాతి తేలాలంటే టాక్స్‌ఆర్, గైర్‌బీ లాంటి జన్యువులు చూడాలి. జాతి తేలినా జబ్బు తేలినట్టు కాదు. రొయ్యకు ఏహెచ్‌పీఎన్‌డీ (జీర్ణగ్రంథిని దెబ్బతీసే జబ్బు) తెచ్చే విషం పిర్‌ఏ, పిర్‌బీ జన్యువులది. అవి ప్లాస్మిడ్ (క్రోమోజోమ్‌కు వేరుగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయం) మీద ఉంటాయి, 16ఎస్‌లో వాటి జాడే కనిపించదు. రైతు చేతికి వెళ్లే రిపోర్టులో ఈ తేడా తప్పకుండా రాయాలి.

బ్లాస్ట్‌కు ఇచ్చే ముందు ఏబీ1 ఫైల్ (సీక్వెన్సింగ్ యంత్రం ఇచ్చే గ్రాఫ్ ఫైల్) తెరిచి పీక్స్ కళ్లతో చూడండి. మొదటి 30-50 బేస్‌లు (డీఎన్‌ఏ అక్షరాలు) గజిబిజిగా ఉంటాయి. 800 దాటాక పీక్స్ ఒకదాని మీదొకటి పడతాయి. రెండు చివరలూ కత్తిరించండి. రివర్స్ రీడ్‌ను (వెనుక చివర నుంచి చదివిన సీక్వెన్స్) రివర్స్ కాంప్లిమెంట్ చేశాకే (వెనక్కి తిప్పి, జత బేస్‌లుగా మార్చాకే) ఫార్వర్డ్‌తో కలపండి, లేకపోతే అతకదు. డేటాబేస్‌గా ఎన్‌సీబీఐ (అమెరికా ప్రభుత్వ జీవశాస్త్ర సమాచార కేంద్రం) 16ఎస్ డేటాబేస్ ఎంచుకోండి. అన్ని రకాల సీక్వెన్స్‌లూ ఉండే ఎన్‌టీ డేటాబేస్‌లో వెతికితే ‘అన్‌కల్చర్డ్ బ్యాక్టీరియం’ (ల్యాబ్‌లో పెంచని, పేరు తేలని బ్యాక్టీరియా) ఎంట్రీలే వరస కట్టొచ్చు. ఐడెంటిటీ 99 ఉన్నా క్వెరీ కవర్ (మన సీక్వెన్స్‌లో సరిపోలిన భాగం) 20 శాతమే అయితే ఆ ఫలితాన్ని నమ్మొద్దు.

అపోహ: ఖరీదైన కంప్యూటర్ లేనిదే పని జరగదు.

వాస్తవం: విబ్రియో జీనోమ్ సుమారు 50 లక్షల బేస్‌లు. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో దాని అలైన్‌మెంట్ (రీడ్లను జీనోమ్‌తో సరిపోల్చి అమర్చడం) హాయిగా నడుస్తుంది. మనిషి జీనోమ్ మీద స్టార్ (ఆర్‌ఎన్‌ఏ రీడ్లను అమర్చే సాఫ్ట్‌వేర్) నడపాలంటే మాత్రం 30 జీబీ దాకా కావాలి. అలాంటివి గెలాక్సీ అనే వెబ్‌సైట్‌లో, దాని సర్వర్ల మీద ఉచితంగా చేసుకోవచ్చు. ఊళ్లో నెట్ నెమ్మదిగా ఉంటే ఫైళ్లు దింపి మళ్లీ ఎక్కించే తిప్పలు వద్దు. ఎస్‌ఆర్‌ఏ (సీక్వెన్సింగ్ డేటా దాచే ఎన్‌సీబీఐ భాండాగారం) నంబరు ఇస్తే గెలాక్సీయే నేరుగా తెచ్చుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా సర్వర్‌లో పని ఆగదు.

అపోహ: ఫాస్ట్‌క్యూసీలో (డేటా నాణ్యత పరీక్షించే సాఫ్ట్‌వేర్) ఎర్ర గుర్తు పడితే డేటా పాడైనట్టే.

వాస్తవం: ఆర్‌ఎన్‌ఏ-సీక్‌లో (కణాల్లోని ఆర్‌ఎన్‌ఏను చదివే పద్ధతి) మొదటి 10-12 బేస్‌ల దగ్గర పడే ఎర్ర గుర్తు సాధారణంగా ర్యాండమ్ ప్రైమర్ల (కాపీ చేయడం మొదలుపెట్టించే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) వల్లే. దాని కోసం రీడ్లు కత్తిరించనక్కర్లేదు. ఫాస్ట్‌క్యూ ఫైల్లో (రీడ్లు, వాటి నాణ్యత ఉండే ఫైల్) ప్రతి రీడ్‌కూ నాలుగు వరుసలు. నాణ్యత నాలుగో వరుసలో ఉంటుంది. అక్కడ ? ఉంటే క్యూ30 (నాణ్యత స్కోరు 30), అంటే తప్పుకు అవకాశం వెయ్యిలో ఒకటి. + ఉంటే పదిలో ఒకటి.

అపోహ: ముందు ప్రోగ్రామింగ్ పూర్తిగా రావాలి.

వాస్తవం: అక్కర్లేదు. విండోస్‌లో డబ్ల్యూఎస్‌ఎల్‌తో (విండోస్‌లోనే లినక్స్ నడిపే సదుపాయం) ఉబుంటు అనే లినక్స్ పెట్టుకుని, ఫైల్ తెరవడం, వరుసలు లెక్కించడం, పదం వెతకడం నేర్చుకుంటే మొదలుపెట్టొచ్చు. జన్యువుల పట్టికను మాత్రం ఎక్సెల్‌లో నేరుగా తెరవకండి. కొన్ని పేర్లు తేదీలుగా మారిపోతాయి. ముందు ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకుని ఇంపోర్ట్ చేయండి.