ఊరికే ఆడుకోనిచ్చే ఆటలు

చిరంజీవులైన మనుమలకు, మనుమరాలికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో చిన్నవాడు, "తాతయ్యా, ఈ ఆట డబ్బులు అడగకుండా ఆడుకోమంటుంది కదా, మరి దాన్ని తయారుచేసినవాళ్ళు ఏం తింటారు?" అని అడిగాడు. ఫోనులో తేలే సంగతి కాదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆటను ఒక తిరునాళ్ళ అనుకోండి. నా చిన్నతనంలో మహాశివరాత్రికి ఎడ్లబండి మీద కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళేవాళ్ళం. కొండ దిగువన తిరగడానికి ఎవరూ టిక్కెట్టు అడిగేవారు కారు. అయినా మా నాయన ఇచ్చిన చిల్లర మధ్యాహ్నానికల్లా జీళ్ళకూ, రంగులరాట్నానికీ పోయేది; మిగిలిన పావలాతో రంగు కళ్ళద్దాలు కొనేవాణ్ణి. వాటిలోంచి నాకు ఏదీ సరిగా కనిపించేది కాదు గానీ, అవి పెట్టుకుని నేను మా ఊరి పిల్లలకు కనిపించాలి! పెద్దలు మాత్రం తక్కువా? ఒక్కో ఊరివారు తాటిచెట్టును మించిన ప్రభలు కట్టుకొచ్చి, మాది ఎత్తంటే మాది ఎత్తని పోటీపడేవారు. చూసేవారెవరూ లేని బీడులో అంత ప్రభను ఎవరైనా నిలబెడతారా?

లోపలికి ఊరికే రానిచ్చి, నలుగురికీ కనిపించే సోకులు అమ్మే ఈ కిటుకును కంప్యూటరులోకి ఎక్కించడంలో దక్షిణ కొరియావారు ముందున్నారు. 1997 ఆర్థిక సంక్షోభం తరువాత ఆ దేశంలో 'పీసీ బాంగ్' అనే, ఆటలాడుకునే అద్దె కంప్యూటరు గదులు వీధివీధినా వెలిశాయి. 1999లో మొదలైన సైవరల్డ్ అనే స్నేహబృందాల వేదిక, కొన్నేళ్ళకు తన సభ్యులకు తెరమీద ఒక చిన్న గదిని ఇవ్వసాగింది. ఖాళీ గది ఉచితంగా వచ్చేది. గోడకాగితం, కుర్చీ, అతిథి వచ్చినప్పుడు మోగే పాట మాత్రం 'దోతోరి' అనే బొమ్మ ఓక్ కాయలతో కొనాల్సి వచ్చేది, ఒక్కో కాయ 100 వోన్లు ఉండేది. గదికి స్నేహితులు వచ్చేవారు కాబట్టే కుర్చీకి గిరాకీ ఉండేది. చైనాలో షెన్‌జెన్ నగరపు టెన్సెంట్ సంస్థ కూడా 2003లో క్యూక్యూ అనే తన సందేశాల వేదికలో కబుర్లు చెప్పుకునేవారి బొమ్మలకు బట్టలు అమ్మడం మొదలుపెట్టింది. మీరు ఆడే బీజీఎంఐ అనే తుపాకుల ఆటను 2021లో మన దేశానికి తెచ్చిన క్రాఫ్టన్ కొరియా సంస్థే. అందులో మీ బొమ్మ సైనికుడి చొక్కా మార్చినంత మాత్రాన గురి కుదరదని మీకు నాకన్నా బాగా తెలుసు.

తిరునాళ్ళలో చీటీలు తీయించే దుకాణం కూడా ఉంటుంది. జపాను ఫోను ఆటలలో ఇలా బొమ్మకార్డులు తీయించి, ఒక వరస మొత్తం చేరినవారికే గొప్ప బహుమతి అని ఊరించేవారు. ఇది చట్టానికి విరుద్ధమని అక్కడి వినియోగదారుల సంస్థ 2012లో చెప్పాక కంపెనీలు ఆ పద్ధతిని మానుకున్నాయి. చైనాలో 2009 నాటికి ఊపందుకున్న తోటల ఆటలో డబ్బు కన్నా నిద్ర ఎక్కువ ఖర్చయ్యేది: తోటివారి తోటలో పండిన కూరగాయలను దొంగిలించడానికి ఉద్యోగాలు చేసే పెద్దమనుషులు అలారం పెట్టుకుని అర్ధరాత్రి లేచేవారట!

మా తిరునాళ్ళ ఎన్ని దుకాణాలు పెట్టినా తెల్లవారితే పందిళ్ళు విప్పేవారు. ఈ తిరునాళ్ళకు విప్పే రోజు లేదు. అందుకే కొరియా 2011లో, 16 ఏళ్ళలోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం 6 గంటల వరకు ఆన్‌లైన్ ఆటలు ఆడకూడదని చట్టం అమలు చేసింది. 2022 జనవరి నుంచి దాన్ని ఎత్తివేసినా, కన్నవారు కోరితే వేళలు కట్టడి చేసే పద్ధతిని ఉంచింది. చైనా 2021లో ఇంకా బిగించి, 18 ఏళ్ళలోపువారికి శుక్ర, శని, ఆదివారాలలోనూ, సెలవు రోజులలోనూ రాత్రి 8 నుంచి 9 వరకే అనుమతించింది. ప్రభుత్వం వేసే తాళం కన్నా, మీ అమ్మ దీపం ఆర్పి "ఇక పడుకోండి" అనడమే నాకు నచ్చుతుంది.

ఇప్పుడు మీకొక పని. మీ ఆటలోని దుకాణం తెరిచి, ఏమీ కొనకుండా, ఆటలో చెల్లే నాణేల మూటలు ఎన్నెన్నిగా అమ్ముతున్నారో కాగితం మీద ఒక వరసలో, మీకు నచ్చిన చొక్కాల ధరలు పక్క వరసలో రాయండి. ఏ మూటతో ఏ చొక్కా కొంటే ఎన్ని నాణేలు మిగులుతాయో, ఆ మిగిలినవాటితో ఏం వస్తుందో లెక్కకట్టి, ఆదివారం ఫోను చేసినప్పుడు నాకు చదివి వినిపించండి.

మీ తాతయ్య